నేను నేనేనని ఎన్నిసార్లు చెప్పాలి?

1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల గురించి మనం గర్వంగా చెప్పుకునే మాట ఒకటుంది. ఆడా మగా తేడా చూడకుండా, చదువూ ఆస్తీ అడగకుండా, ఇరవై ఒక్కేళ్లు నిండిన అందరికీ ఒక్కసారే ఓటు హక్కు ఇచ్చిన దేశం మనది అని. గర్వించదగ్గ విషయమే. అయితే ఆ ఎన్నికలు నడిపిన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తన నివేదికలో ఇంకో సంగతి కూడా రాసిపెట్టాడు. దాదాపు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది తమ పేరు చెప్పలేదు. వాళ్లను జాబితాలోంచి తీసేశారు.

వాళ్లు దొంగ ఓటర్లు కారు, చనిపోయినవాళ్లూ కారు. వివరాలు రాసుకోవడానికి గుమ్మం ముందుకొచ్చిన పరాయి మగవాడికి సొంత పేరు చెప్పలేదు, అంతే. ఫలానా ఆయన భార్యననో, ఫలానా పిల్లాడి తల్లిననో చెప్పారు. చాలాచోట్ల వాళ్లు అదైనా చెప్పి ఉండరు, ఇంట్లో మగవాళ్లే చెప్పి ఉంటారు. బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లలో ఇలాంటివాళ్లు ఎక్కువ. పేరు లేని మనిషికి ఓటు లేదని కమిషన్ తేల్చింది. ఆ నిర్ణయాన్ని పూర్తిగా తప్పనడానికి నాకు నోరు రాదు. ఆడమనిషిని ఫలానా వాడి భార్యగా కాక ఆమె పేరుతోనే గుర్తిస్తానని రాజ్యం పట్టుబట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆ పట్టుదలకు మూల్యం చెల్లించింది ఎవరు? పేరు చెప్పనివ్వని ఇల్లు కాదు, పేరు చెప్పలేకపోయిన మనిషి.

ఈ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం ఒకటుంది. బీహార్‌లో ఇలాంటి స్త్రీలు సొంత పేర్లు చెప్పి మళ్లీ నమోదు కావడానికి కమిషన్ ఒక నెల అదనపు గడువు ఇచ్చింది. మూసిన తలుపును ఒక నెల పాటు మళ్లీ తెరిచింది. ఈ వ్యాసం ఆ నెల రోజుల గురించి. మనిషి గుర్తింపును తేల్చే పద్ధతి ఏదైనా ఒక హద్దు పెట్టుకుంటుంది. ఇన్ని రోజుల్లోగా చెప్పాలి, ఇన్నిసార్లే ప్రయత్నించాలి, ఇన్నిసార్లే మార్చుకోవాలి అంటుంది. ఆ హద్దు దాటిపోయినవాళ్లకు తలుపు మళ్లీ ఎవరు తెరుస్తారు, ఏ కారణం చూసి తెరుస్తారు, తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది? కంప్యూటర్ సంస్థల్లో దీన్ని రీసెట్ అంటారు. మాట కొత్తదే గాని పని పాతది. ఈ పని చరిత్రను ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే కార్డుల, నంబర్ల చరిత్రలో కనిపించని సంగతులు కొన్ని కనిపిస్తాయి.

వేలిముద్ర దగ్గర మొదలుపెడదాం. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. శాస్త్ర పరిశోధన కోసం కాదు, ఆ సంతకం నాది కాదని రేపు అతను బుకాయించకుండా భయపెట్టడం కోసం. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు అదే హెర్షెల్ పింఛను తీసుకునేవాళ్ల చేత, దస్తావేజులు రిజిస్టరు చేయించుకునేవాళ్ల చేత, జైలు ఖైదీల చేత వేలిముద్రలు వేయించాడు. చనిపోయినవాడి పేరు మీద ఇంకొకడు పింఛను ఎత్తుకుపోతాడేమోనన్నది అనుమానం. పింఛనుదారుడు, ఆస్తి ఉన్నవాడు, నేరస్తుడు, ముగ్గురికీ ఒకే పరీక్ష. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ముద్రలను వర్గీకరించే లెక్కను తయారు చేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల శ్రమ ఉంది. ఆ పద్ధతికి మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది. గుర్తింపు శాస్త్రం తన పనివాళ్లనే గుర్తుపెట్టుకోలేదన్నమాట.

అదే వలస పాలనలో కొందరు ఆడవాళ్లకు మాత్రం హద్దులు సడలించారు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 132వ సెక్షన్, దేశాచారం ప్రకారం బహిరంగంగా కనిపించమని బలవంతపెట్టకూడని స్త్రీలకు కోర్టుకు స్వయంగా హాజరు కావడం నుంచి మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన రిజిస్ట్రేషన్ చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం అలాంటివాళ్లు రిజిస్ట్రారు ఆఫీసుకు రానక్కర్లేదు. అధికారే ఇంటికి వెళ్లాలి, లేదా తన తరఫున మనిషిని పంపాలి. ఇంకో మెట్టు పైకి వెళ్లి కోర్టులు ఒక సూత్రం కూడా ఏర్పరిచాయి. ఘోషా స్త్రీ పెట్టిన సంతకం చెల్లుతుందని వాదించేవాడే, ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలుసునని రుజువు చేయాలి. రుజువు బరువు ఆమె మీద కాదు, ఎదుటివాడి మీద.

ఈ సూత్రం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. పితృస్వామ్యపు పరదాను కాపాడటానికి పుట్టిన నియమమే, అయినా ఒక మంచి ఆలోచన అందులో దాగుంది. బయటి లోకపు కాగితాలతో పరిచయం లేని మనిషి ముందు, ఆ కాగితాన్ని తెచ్చినవాడే జవాబుదారీ అన్న ఆలోచన. కానీ అది ఎవరికి దక్కింది? ఘోషా పాటించగల స్తోమత, కులం, ఆస్తి ఉన్నవాళ్లకు. పొలంలో, రాళ్ల క్వారీలో, నలుగురి ఇళ్లల్లో పనిచేసే ఆడదానికి పరదా లేదు కాబట్టి ఆ రక్షణ కూడా లేకపోయింది. తర్వాతి కాలంలో కొన్ని తీర్పులు దీన్ని చదువురాని స్త్రీలకూ వర్తింపజేసిన మాట నిజమే. అయితే అది కోర్టు దాకా వెళ్లగలిగితే.

మన తెలుగు నేల మీద వేలిముద్రకు ఇంకో అర్థం కూడా ఉంది. పాత దస్తావేజుల్లో సంతకం రానివాళ్లది 'నిశానీ'. వ్యవహారంలో 'వేలిముద్రగాడు' అంటే తిట్టు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో వేలాది మంది ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చి పలక పట్టింది నిశానీ నుంచి సంతకానికి వెళ్లాలనే. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటానికీ ఆ చదువుకూ ఉన్న సంబంధం మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పేరు రాయడం నేర్చుకున్న చేయి సారా దుకాణం మూయించింది. పాతికేళ్లు తిరగకుండానే అదే ఆడవాళ్లను రేషన్ దుకాణం దగ్గర నిలబెట్టి, సంతకం వద్దు, వేలు పెట్టమన్నారు. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లోకి వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. కష్టపడి నేర్చుకున్న అక్షరానికి ఆ యంత్రం ముందు విలువ లేదు.

ఇక్కడ మన భాషను కాస్త గమనించాలి. యంత్రం ఒప్పుకోకపోతే దుకాణంలో వినిపించే మాట 'నీ వేలు పడటం లేదు'. వాక్యానికి కర్త వేలు. తప్పు వేలిది, అంటే ఆమెది. ఆమె కూడా అదే నమ్మి, 'వేళ్లు అరిగిపోయినయ్ నాయనా' అని చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఆ వేళ్లు ఎందుకు అరిగాయి? నిజామాబాదు వైపు బీడీలు చుట్టి, గుంటూరు వైపు మిరపకాయలు కోసి, ఆదిలాబాదులో పత్తి తీసి, పట్నంలో సబ్బు నీళ్లల్లో గిన్నెలు తోమి. వయసు మీదపడితే చర్మం పలచబడి గీతలు ఇంకా మసకబారతాయి. అంటే ఎవరు ఎక్కువ కాలం ఎక్కువ పనిచేస్తే వాళ్లనే యంత్రం తక్కువగా గుర్తుపడుతుంది. పనికి సాక్ష్యం కావాల్సిన చేతులు అనుమానానికి సాక్ష్యమయ్యాయి.

'మీ వేలిని మా యంత్రం చదవలేకపోయింది' అని ఎందుకనరు? అన్నా అర్థం అదే కదా అనుకోవచ్చు. అదే కాదు. మొదటి వాక్యంలో ఆమె ఓడిపోయింది, రెండో వాక్యంలో యంత్రం ఓడిపోయింది. ఎవరు ఓడారన్న దాన్ని బట్టే తర్వాత ఏం చేయాలో తేలుతుంది. ఆమె ఓడితే ఆమె ఇంటికి వెళ్లాలి. యంత్రం ఓడితే బియ్యం ఇచ్చి పంపాలి.

ఈ యంత్రాల ఓటమి చిన్నదేం కాదు. 2018 మార్చిలో ఆధార్ కేసు విచారణలో సుప్రీంకోర్టుకు ఆధార్ సంస్థ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం, ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ సఫలమయ్యేది 88 శాతం. మిగిలిన 12 శాతం మనుషుల లెక్కా, ప్రయత్నాల లెక్కా అని వాదించుకోవచ్చు. కానీ ఆ ప్రయత్నాల వెనక మనుషులుంటారు. అంతకు ముందు ఏడాది, 2017 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ల బాలిక చనిపోయింది. ఆధార్‌తో జతపడలేదని తమ రేషన్ కార్డు రద్దు చేశారనీ, పిల్ల ఆకలితో పోయిందనీ ఆ తల్లి చెప్పింది. ప్రభుత్వం కాదు జబ్బన్నది. పిల్ల చావుకు కారణమేమిటో కూడా తల్లి మాట మీద తేలదు, ఆమె దాన్ని కూడా రుజువు చేయాలి. ఆ తర్వాత, 2017 అక్టోబరు 24న ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర పడకపోతే కనుపాపతోనో, ఫోన్‌కొచ్చే అంకెతోనో చూడాలి. అదీ కాకపోతే కార్డు చూసి సరుకులిచ్చి, మినహాయింపుల రిజిస్టరులో రాసుకోవాలి అని. 2018 సెప్టెంబరు 26న వచ్చిన తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు సంక్షేమ పథకాలకు ఆధార్ అడగడాన్ని సమర్థిస్తూనే, ధ్రువీకరణ విఫలమైందన్న కారణంతో అర్హులను వదిలేయకూడదన్నారు.

సర్క్యులర్ ఒకటి, దుకాణం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో వేలు పడనివాళ్ల తరఫున గ్రామ రెవెన్యూ అధికారి తన వేలు పెట్టి సరుకులిప్పించే ఏర్పాటు చేశారు. ఆకలి తీర్చే ఏర్పాటు కాబట్టి దాన్ని తీసిపారేయను. కానీ దాని అర్థం ఒకసారి ఆలోచించండి. ఆమె ఆమేనని చెప్పడానికి ఆమె వేలు పనికిరాదు, ఆయన వేలు పనికొస్తుంది. ఆయన ఊళ్లో లేని రోజు ఆమె మళ్లీ ఎవరూ కాదు. తలుపు తెరిచే తాళంచెవి ఒక మనిషి ఒంటికి అతికించి ఉంటే, ఆ మనిషి దయ కోసం ఎదురుచూడక తప్పదు.

వేలు సంగతి ఇలా ఉంటే, పేరుకు ఇంకో రకం హద్దుంది. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు మార్చుకోవచ్చు. పుట్టినతేదీ ఒకసారి, జెండర్ ఒకసారి. అంతకు మించితే ప్రాంతీయ కార్యాలయానికి కారణం చెప్పుకుని, రుజువులు పంపి ప్రత్యేకంగా అడగాలి. ఈ అంకెలు చూసి ఇదెవరి జీవితాన్ని బట్టి పెట్టిన హద్దో చెప్పొచ్చు. మగవాడికి రెండు అవకాశాలు చాలా ఎక్కువ. పుట్టినప్పుడు పెట్టిన పేరుతోనే పోతాడు కాబట్టి, అచ్చుతప్పు దిద్దుకోవడానికి ఒకటి చాలు. మన ఆడవాళ్ల సంగతి చూడండి. బడి రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాక అత్తింటి ఇంటిపేరు. కొందరికి పేరే మార్చేస్తారు. లక్ష్మి ఒక కార్డులో లక్ష్మమ్మ, ఇంకోదాంట్లో వెంకటలక్ష్మి, పాసు పుస్తకంలో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక. రాసినవాడు తనకు తోచినట్టు 'అమ్మ' చేర్చాడు, లేదా తీసేశాడు. గౌరవం కోసం చేర్చిన 'అమ్మ' ఇరవై ఏళ్ల తర్వాత మనిషిని వేరే మనిషిని చేస్తుంది. విడిపోయి పుట్టింటి పేరుకు రావాలనుకుంటే మూడోసారి. అత్తవారు ఒకసారి, ఆఫీసు గుమస్తా ఒకసారి ఆమె అవకాశాలు వాడేస్తే, ఆమె తనంతట తాను మార్చుకోవాలనుకున్న రోజుకు ఏమీ మిగలదు.

పుట్టింటి పేరుకు తిరిగి రావడం గురించి చెప్పాలంటే, 2024లో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన కేసు ఒకటుంది. గెజిట్‌లో పేరు మార్పు ప్రకటనకు సంబంధించిన ఒక ప్రభుత్వ నోటిఫికేషన్, పెళ్లికి ముందరి పేరు మళ్లీ పెట్టుకోవాలనుకునే స్త్రీ విడాకుల పత్రం గాని భర్త ఒప్పుకుంటున్నట్టు కాగితం గాని తేవాలంది. విడాకుల కేసు నడుస్తున్న స్త్రీ ఒకామె దాన్ని ప్రశ్నించింది. విడిపోవాలనుకునే మనిషి, ఎవరి నుంచి విడిపోవాలనుకుంటోందో అతని చేతే సంతకం పెట్టించుకు రావాలట. ఇలాంటి తలుపులు కొన్ని మనవాళ్లు తెరిపించిన మాట కూడా చెప్పాలి. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నియమాలు మార్చి పెళ్లి పత్రం, విడాకుల పత్రం అడగడం మానేశారు. తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలన్నారు. 2018 డిసెంబరు నుంచి, తల్లి ఒక్కతే పెంచిన పిల్లలకు పాన్ కార్డులో తండ్రి పేరు తప్పనిసరి కాదన్నారు. ఒంటరి తల్లులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగితేనే ఈ ప్రశ్న పైకొచ్చింది.

జెండర్ విషయంలో వైరుధ్యం ఇంకా స్పష్టం. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టంలోనే రెండు మెట్లున్నాయి. 6వ సెక్షన్ కింద ట్రాన్స్‌జెండర్ అని ధ్రువపత్రం, శస్త్రచికిత్స తర్వాత కావాలనుకుంటే 7వ సెక్షన్ కింద స్త్రీ లేదా పురుషుడని సవరించిన పత్రం. చట్టం రెండు మెట్లు కట్టింది, నమోదు కేంద్రం ఒక్క మార్పే లెక్కపెట్టుకుంది. రెండో మెట్టు ఎక్కేవాళ్లు మళ్లీ ప్రత్యేకంగా అడుక్కోవాలి.

ఇదంతా నేను తవ్వుకోవడం మొదలుపెట్టింది ఒక చిన్న పని వల్ల. కొన్నేళ్ల కిందట హైదరాబాదులో, ఇళ్లల్లో దుకాణాల్లో పనిచేసేవాళ్ల జీతాలు, చిన్న పొదుపులు ఫోన్ ద్వారా నడిపే ఒక సంస్థ తెలుగు వాక్యాలు రాసిపెట్టమని నన్ను పిలిచింది. ఖాతా తెరవాలంటే కార్డు ఫోటో, మొహం ఫోటో పంపాలి. రెండూ కలవకపోతే మళ్లీ పంపాలి. మూడుసార్లు తప్పితే ఖాతా ఆగిపోతుంది. ఎవరిదో కార్డు దొంగిలించినవాడు పదేపదే ప్రయత్నించకుండా పెట్టిన హద్దది. అంతవరకూ న్యాయమే. ఆగిపోయినవాళ్లు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, అక్కడి అమ్మాయిలు రాసుకుని ఇంజనీరుకు పంపేవాళ్లు. ఆయన తీరిక దొరికినప్పుడు కంప్యూటర్‌లో లెక్కను సున్నా చేసేవాడు. ఎవరికి చేశాడో, ఎందుకు చేశాడో ఎక్కడా ఉండేది కాదు. ఆ పని హెల్ప్‌లైన్ అమ్మాయిలే చేసుకునేలా వాళ్లు ఒక పనిముట్టు తయారు చేస్తున్నారు. నంబరు కొడితే ఎన్నిసార్లు ప్రయత్నించారో, ఎందుకు తప్పిందో కనిపిస్తుంది. కారణం ఎంచుకుని మీట నొక్కితే మళ్లీ మూడు అవకాశాలొస్తాయి. నొక్కినవాళ్ల పేరు, సమయం నమోదవుతాయి.

నాకిచ్చిన కారణాల జాబితా చాలా పొట్టిది. ఫోటో మసక, అచ్చుతప్పు, కార్డు గడువు తీరింది, ఇతరాలు. పాత ఫోన్ల నోట్సు చూపించమని అడిగి చదివితే, అసలు కథలన్నీ 'ఇతరాలు'లో ఉన్నాయి. ఇంటిపేరు మారింది. కార్డులో 'అమ్మ' ఉంది, ఇక్కడ లేదు. తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చాక మొహం కలవలేదు. ఒంటికి నిప్పంటుకుని మొహం మారిపోయింది. ఫోను కొడుకుది, వాడు డ్యూటీకెళ్లాడు. ఒక అమ్మాయి రాసుకున్న సంభాషణ ఇలా ఉంది.

'తల్లీ, నా పేరు నాది కాదంటోంది ఈ ఫోను.'

'కార్డు మీద మీ పేరెట్లుందో ఒకసారి చదువుతారా అమ్మా?'

'చదవొస్తే నీకెందుకు ఫోన్ చేస్తనే తల్లీ.'

ఆ అమ్మాయి వీడియో కాల్ చేసి కార్డు తనే చదివింది. అది ఆమె పని కింద ఎక్కడా రాసి లేదు. ఇలాంటి వ్యవస్థలు నడుస్తున్నాయంటే, నియమంలో లేని ఈ పనిని తక్కువ జీతాల ఆడపిల్లలు చేస్తున్నారు కాబట్టే.

ఈ నోట్సులోనే నన్ను ఆపేసిన కారణం ఒకటి కనిపించింది. ఆమె ఖాతా ఆమె కన్నా ముందే ఆగిపోయి ఉంది. మూడు ప్రయత్నాలూ భర్త చేసేశాడు. జీతం తన ఫోనుకు మళ్లించుకోవడానికి. అంతవరకు నేను హద్దును శత్రువుగానే చూస్తున్నాను. కానీ ఇక్కడ ఆ హద్దే ఆమె జీతాన్ని కాపాడింది. తలుపు తేలిగ్గా తెరుచుకుంటే ఎవరు లోపలికి వస్తారన్నది కూడా మన ప్రశ్నే. భద్రత పేరుతో వచ్చే ప్రశ్నలన్నీ పరాయివాడిని ఆపడానికి పుట్టినవి. పుట్టినతేదీ ఏమిటి, తల్లి పేరేమిటి, ఫోనుకొచ్చిన అంకె ఎంత. ఇవన్నీ తెలిసినవాడు, ఆ ఫోను చేతిలో ఉన్నవాడు ఇంట్లోనే ఉంటాడు. ఆడవాళ్ల విషయంలో పరాయివాడి కన్నా ఇంటివాడే పెద్ద ప్రమాదం అన్నది మనం నాలుగు దశాబ్దాలుగా చెబుతున్న మాట. ఆ మాట ఇంకా ఈ యంత్రాల దాకా చేరలేదు.

వారాల తరబడి వాదనల తర్వాత కొన్ని మార్పులు ఒప్పుకున్నారు. మొదటిసారి అడిగితే కారణం అడగకుండా తెరవడం. ఏ ఫోను నుంచి ప్రయత్నించారో కూడా చూపించడం. పేరులో 'అమ్మ', ఇంటిపేరు తేడాలకు పై అధికారి అనుమతి అక్కర్లేకపోవడం, జీతం వెళ్లే నంబరు మారుస్తుంటే మాత్రం రెండో మనిషి చూడటం. మీరిప్పుడు ఒంటరిగా మాట్లాడగలరా అని ముందు అడిగి, కాకపోతే ఆమె చెప్పిన వేళకు ఫోన్ చేయడం. 'మీ ధ్రువీకరణ విఫలమైంది' తీసేసి 'మీ ఫోటోను మేం పోల్చలేకపోయాం' అని రాశాం. 'మరో అవకాశం ఇస్తున్నాం' అన్న వాక్యం కూడా తీసేయించాను. తన జీతం తాను తీసుకోవడానికి ఎవరూ అవకాశం ఇవ్వనక్కర్లేదు.

ఒప్పుకోనివి రెండు మిగిలాయి. నా ఖాతా ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు అని ఆమె అడిగితే చెప్పాలన్నాను. అది లోపలి విషయమన్నారు. రెండోది, కారణాల జాబితాలో 'భర్త ప్రయత్నించారు' అని రాశాను. కుటుంబ వ్యవహారంలో మనం తలదూర్చినట్టు ఉంటుందని దాన్ని 'వేరొకరు ప్రయత్నించారు' అని మార్చారు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ మార్పు నన్ను వదలడం లేదు. 1951లో ఆమె ఫలానా వాడి భార్యగానే కాగితమ్మీదికి ఎక్కగలిగింది. అక్కడ ఆమె పేరు లేదు, అతని పేరుంది. ఇప్పుడు అతని పేరు రాయాల్సిన ఒకే ఒక్క చోట, అతన్ని 'వేరొకరు' చేశారు. ఆమె జీవితంలో అతను చేసిన పని జాబితాకెక్కకపోతే, అలాంటివి ఎన్ని జరిగాయో లెక్కపెట్టే వీలే ఉండదు.

2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీల్లో ఇంటికిచ్చే పోషకాహారానికి మొహం గుర్తింపు తప్పనిసరి చేశారు. గర్భిణులు, బాలింతలు ఫోను ముందు నిలబడాలి. మొహం కలవకపోతే మాటలు పడేది అంగన్‌వాడీ టీచరు, ఉత్త చేతులతో తిరిగి వెళ్లేది బాలింత. వేలు పోయి మొహం వచ్చింది, రేపు ఇంకేదో వస్తుంది. ప్రతి కొత్త యంత్రం దగ్గరా మనం అడగాల్సిన ప్రశ్నలు మాత్రం పాతవే. అది తప్పినప్పుడు తలుపు ఎవరు తెరుస్తారు? ఎన్ని రోజుల్లో తెరుస్తారు? అందాకా ఆమె తిండి, జీతం ఆగుతాయా? తాళంచెవి భర్త చేతిలోనో, డీలరు చేతిలోనో పెట్టారా? యంత్రం తప్పని రుజువు చేయాల్సింది ఆమెనా, యంత్రం పెట్టినవాళ్లా? ఘోషా స్త్రీకి వందేళ్ల కిందటే ఇచ్చిన రక్షణను కూలి చేసుకునే స్త్రీకి ఇవ్వడానికి కొత్త చట్టశాస్త్రమేం అక్కర్లేదు.

చరిత్ర చదివేవాళ్లుగా ఇంకొకటి అడగాలి. 28 లక్షల మంది సంగతి మనకు తెలిసిందంటే, తీసేసినవాళ్ల లెక్కను కూడా ఒక అధికారి నివేదికలో అచ్చు వేయించాడు కాబట్టే. రేషన్ దుకాణాల మినహాయింపు రిజిస్టర్లు, హెల్ప్‌లైన్లలో నొక్కిన మీటల లెక్కలు, ప్రాంతీయ కార్యాలయాలకు మూడోసారి పేరు మార్చమని వచ్చిన అర్జీలు, వాటిని తోసిపుచ్చిన కారణాలు మన కాలపు ఆడవాళ్ల చరిత్రకు ఆధారాలు. మనుషుల పేర్లు దాచి, లెక్కలూ కారణాలూ ఏటా బయటపెట్టమని అడగాలి. సామాజిక తనిఖీల్లో వాటిని చదివించాలి. 'ఇతరాలు' అన్న గడి కింద ఏముందో మనమే వెళ్లి చూడాలి.